పదహారు కిరీటాలున్నా పడిపోవచ్చు

స్వీడన్ ఐస్ హాకీలో అందరికన్నా ఎక్కువసార్లు దేశ ఛాంపియన్ అయిన జట్టు స్టాక్‌హోమ్ వారి యూర్‌గోర్డెన్. మొత్తం 16 టైటిళ్లు. 2022 వసంతంలో ఆ జట్టే పై లీగ్ నుంచి రెండో శ్రేణికి జారిపోయింది. ఆ తర్వాత మూడు సీజన్ల పాటు దేశపు అత్యున్నత లీగ్‌లో రాజధాని నగరానికి ఒక్క జట్టూ లేదు. యూర్‌గోర్డెన్ పడడానికి ముందటి ఏడాది, ఐదు టైటిళ్లున్న యొన్‌షోపింగ్ జట్టు హెచ్‌వీ71 కింద పడింది. దాన్ని పడగొట్టింది యేవ్లె పట్టణపు బ్రూనెస్. 13 టైటిళ్లున్న బ్రూనెస్ 1960 నుంచి అప్పటిదాకా పై శ్రేణిని వదిలింది లేదు. 2023లో దాని వంతూ వచ్చింది. మూడేళ్లలో మూడు పెద్ద ఇళ్లు, 34 టైటిళ్ల పరువు. పాత గొప్ప చూసి ఎవరూ మినహాయింపు ఇవ్వలేదు.

ఐపీఎల్‌కు అలవాటు పడిన మనకు ఇది కాస్త కఠినంగానే తోస్తుంది. సన్‌రైజర్స్ హైదరాబాద్ 2023లో పట్టికలో అట్టడుగున నిలిచింది, 2024లో ఫైనల్ ఆడింది. మధ్యలో ఒక వేలంపాట జరిగింది. అయితే ఇదే హైదరాబాద్ రంజీ జట్టుకు ఆ కాఠిన్యం అనుభవమే. 2022–23లో పై విభాగమైన ఎలీట్ నుంచి జారి, మరుసటి సీజన్ ప్లేట్ విభాగంలో ఆడి, అక్కడ గెలిచి తిరిగొచ్చింది. స్వీడిష్ హాకీ లీగ్‌ను అర్థం చేసుకోవాలంటే ఉప్పల్‌లో ఐపీఎల్ రాత్రులకన్నా ఆ ప్లేట్ సీజనే మనకు దగ్గరి దారి.

ఈ లీగ్ 1975లో ఎలిట్‌సెరియెన్ పేరుతో మొదలైంది. 2013లో ఇప్పటి పేరు, ఎస్‌హెచ్‌ఎల్, పెట్టుకుంది. జట్లు 14. ఒక్కో జట్టు మిగతా 13 జట్లతో నాలుగేసి సార్లు తలపడుతుంది, రెండు సొంత ఊళ్లో, రెండు బయట. మొత్తం 52 మ్యాచ్‌లు. సెప్టెంబరులో మొదలై మార్చిలో పట్టిక తేలుతుంది. మొదటి ఆరు జట్లు నేరుగా క్వార్టర్ ఫైనల్స్‌కు వెళ్తాయి. ఏడు నుంచి పది స్థానాల వాళ్లు మూడు మ్యాచ్‌ల చిన్న సిరీస్ ఆడి మిగిలిన రెండు చోట్లు దక్కించుకోవాలి. అక్కడి నుంచి అన్నీ ఏడు మ్యాచ్‌ల సిరీస్‌లే.

సీజన్ నడకను నిజంగా నిర్ణయించేది పాయింట్ల పద్ధతి. అరవై నిమిషాల్లో గెలిస్తే మూడు పాయింట్లు. స్కోరు సమమైతే చెరొక పాయింటు ఖాయం. ఆపై గోల్‌కీపర్ కాక ముగ్గురేసి ఆటగాళ్లతో ఐదు నిమిషాల అదనపు ఆట, అప్పటికీ తేలకపోతే పెనాల్టీ షాట్లు, గెలిచిన వాళ్లకు ఇంకో పాయింటు. అందుకే 2–2తో చివరి ఐదు నిమిషాల్లోకి వచ్చిన మ్యాచ్ చాలాసార్లు ఉన్నట్టుండి మందగిస్తుంది. చేతికందిన ఆ ఒక్క పాయింటును ఎవరూ పారేసుకోదలచుకోరు. ప్రేక్షకుడికి విసుగే. కోచ్‌కు మాత్రం మార్చి నెల పట్టిక కళ్ల ముందు ఆడుతుంటుంది.

ఆట తీరుకు రింకు, అంటే మంచు మైదానం, కొలతలు కూడా కారణం. యూరప్ సంప్రదాయపు రింకు 60 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పు. ఉత్తర అమెరికాలో వెడల్పు దాదాపు నాలుగు మీటర్లు తక్కువ. వెడల్పు ఎక్కువైనప్పుడు అంచున పక్ (బంతి బదులు వాడే రబ్బరు బిళ్ల) పట్టుకున్న ఆటగాడు గోల్‌కు దూరంగా ఉంటాడు. అక్కడి నుంచి కొట్టి లాభం తక్కువ. కనుక స్వీడన్‌లో పిల్లల వయసు నుంచే ఓపికగా పాస్‌లివ్వడం, దారి మూసుకుపోతే వెనక్కి తిరిగి గోల్‌కీపర్ కాక మిగతా ఐదుగురూ కలిసి మళ్లీ కట్టుకురావడం నేర్పుతారు. పక్ పోయిందంటే ఎదురు పరుగులు తీయకుండా రింకు మధ్యలో ఒకరు ముందు, ముగ్గురు అడ్డంగా, ఒకరు వెనక నిలబడి దారి కట్టేస్తారు. ఒక్కో ఆటగాడు మంచు మీద ఉండేది ఓ ముప్పావు నిమిషం. ఊపిరి అందక ముందే బెంచీకి చేరతాడు, ఆట ఆగకుండానే మరొకడు దిగుతాడు. ఈ మార్పిడి ఒక్క అర సెకను తడబడినా గోల్ పడుతుంది. కొత్తగా చూసేవాళ్లు పక్ కోసం కళ్లు చికిలించే బదులు కాసేపు బెంచీల వైపు చూడమని నా సలహా.

ఇక అడుగున. 13, 14 స్థానాల జట్లు ఒకదానితో ఒకటి ఏడు మ్యాచ్‌ల సిరీస్ ఆడాలి. నాలుగు గెలిచిన జట్టు పై లీగ్‌లోనే ఉంటుంది, ఓడిన జట్టు దిగిపోతుంది. నెగ్గినవాళ్లకు కప్పు లేదు, పతకం లేదు. ఉన్నచోట ఉండనిస్తారు, అంతే. గంటకు నూట యాభై కిలోమీటర్ల వేగంతో వచ్చే పక్‌కు శరీరాన్ని అడ్డం పెట్టడం ఈ సిరీస్‌లో మామూలు. మొత్తం సీజన్‌లో నాకు అసలైన హాకీ అనిపించేది ఫైనల్ కాదు, ఇదే. ఈ భయం వల్ల జరిగే నష్టమూ ఉంది. డిసెంబరులో కోచ్‌లను తీసేస్తారు, కుర్రాళ్లను బెంచీకే పరిమితం చేసి అనుభవజ్ఞులతో నెట్టుకొస్తారు.

మూడూ (Modo) అనే జట్టు సంగతి చూడండి. దానిది ఓర్న్‌షోల్డ్స్‌విక్ అనే చిన్న ఊరు. హాకీలో పేరున్న పీటర్ ఫోర్స్‌బెరి, మార్కుస్ నేస్‌లుండ్, సెడిన్ కవలలు, విక్టర్ హెడ్‌మాన్ అందరూ అక్కడివాళ్లే. ప్రపంచానికి ఇంతమందినిచ్చిన ఈ జట్టు 1979లో, 2007లో దేశ ఛాంపియన్ అయింది. 2016లో కింద పడి, ఏడేళ్లు ఎదురుచూసి 2023లో పైకొచ్చి, 2025లో హెచ్‌వీ71 చేతిలో ఓడి మళ్లీ పడింది.

అయినా ఆ ఊరి నుంచి మూడూను ఎవరూ తీసుకుపోలేరు. స్వీడన్ క్రీడా నియమాల ప్రకారం క్లబ్బులో మెజారిటీ ఓటు హక్కు సభ్యుల సంఘానిదే. కోటీశ్వరుడు డబ్బు పెట్టవచ్చు గానీ జట్టును పెట్టెలో సర్దుకుని వేరే ఊరు పోలేడు. ఉత్తర అమెరికా హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో జట్టు కిందికి దిగే ప్రశ్నే లేదు. కానీ 2024లో అరిజోనా జట్టు ఆటగాళ్లతో సహా యూటా రాష్ట్రానికి తరలిపోయింది. అక్కడ అభిమాని జట్టును పోగొట్టుకుంటాడు, స్వీడన్‌లో స్థాయిని పోగొట్టుకుంటాడు. ఏది మేలో అరిజోనాలోని ఫీనిక్స్ నగరంలో పాత జెర్సీ దాచుకున్నవాణ్ని అడగాలి.

పైకొచ్చే దారి కూడా అంతే నిజమైనది. 2023లో పడిన బ్రూనెస్ ఒక్క ఏడాదిలో తిరిగొచ్చి, 2025లో ఏకంగా ఫైనల్ చేరింది. అక్కడ ఎదురైంది ఉత్తరాన ఆర్కిటిక్ వలయానికి దగ్గర్లో ఉన్న లూలియో. ఆ జట్టు అంతకు ముందు ఛాంపియన్ అయింది ఒకే ఒక్కసారి, 1996లో. సిరీస్ 4–2తో లూలియోది. గెలిచిన వెంటనే ఆటగాళ్లు తమ హెల్మెట్లు తీసి బంగారు రంగు హెల్మెట్లు పెట్టుకున్నారు. అది అక్కడి ఛాంపియన్ల ఆనవాయితీ. తర్వాత చేతికొచ్చేది లె మా ట్రోఫీ; 1920లో స్వీడన్‌కు ఈ ఆటను పరిచయం చేసిన అమెరికన్ సినిమా మనిషి రవూల్ లె మా పేరు మీదిది.

అదే వసంతంలో యూర్‌గోర్డెన్, సాటి స్టాక్‌హోమ్ జట్టు ఏఐకేను రెండో శ్రేణి ఫైనల్లో ఓడించి పైకెక్కింది. దాని చోట మూడూ దిగింది. ఆ కింది లీగ్‌లోనూ 14 జట్లు, 52 మ్యాచ్‌లు. పైకి చోటు మాత్రం ఒక్కటే.