జవాబు చెప్పే కుర్చీ

విలేకరిగా పేరు తెచ్చుకుని ప్రభుత్వ పదవిలోకి వెళ్లినవాళ్ల జీవితాలు చదివేటప్పుడు నేను ఒకటే వెతుకుతాను. ఇన్నాళ్లూ ఎదుటివాళ్లను నిలదీసిన మనిషి, అవే ప్రశ్నలు తనవైపు తిరిగినప్పుడు ఏం చేశాడు? ఈ వారమంతా కార్ల్ రోవన్ గురించే ఆలోచిస్తున్నాను.

1925లో అమెరికాలోని టెనెసీ రాష్ట్రంలో ఒక నల్లజాతి పేద కుటుంబంలో పుట్టారాయన. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అక్కడి నౌకాదళంలో అధికారులైన తొలి కొద్దిమంది నల్లవాళ్లలో ఒకరు. తర్వాత మినియాపొలిస్ ట్రిబ్యూన్‌లో చేరి, 1951లో మళ్లీ దక్షిణాది రాష్ట్రాలు చుట్టి అక్కడి వర్ణవివక్ష మీద వరస కథనాలు రాశారు. ‘సౌత్ ఆఫ్ ఫ్రీడమ్’ పుస్తకం అందులోంచే వచ్చింది. రైల్లో ఎక్కడ కూర్చోనిచ్చారు, ఏ హోటల్లో తిండి పెట్టలేదు అని చూసింది చూసినట్టు రాయడమే ఆ పనికున్న బలం. విలేకరి వృత్తి మీద నాకున్న ప్రేమంతా అలాంటి రాతల వల్ల పుట్టిందే.

1954లో అమెరికా విదేశాంగ శాఖ పంపితే మన దేశానికొచ్చి ఉపన్యాసాలిచ్చారు. మీ దగ్గర నల్లవాళ్ల బతుకు ఏమిటని ఇక్కడి శ్రోతలు గట్టిగానే అడిగారు. సొంతగడ్డ మీద తాను వేసిన ప్రశ్నకు పరాయి గడ్డ మీద తానే జవాబు చెప్పాల్సి వచ్చింది. ఆయన దౌత్యం నిజానికి అక్కడే మొదలైందని నాకనిపిస్తుంది. 1963లో ఫిన్లాండ్‌లో రాయబారి అయ్యారు. ఆ మరుసటి ఏడాది, జబ్బుపడి తప్పుకున్న ప్రముఖ ప్రసార విలేకరి ఎడ్వర్డ్ మర్రో స్థానంలో అమెరికా సమాచార సంస్థకు డైరెక్టరయ్యారు. వాయిస్ ఆఫ్ అమెరికా రేడియో అప్పట్లో ఆ సంస్థ కిందే ఉండేది.

ఆ కుర్చీ ఎలాంటిదో మర్రోను చూస్తే తెలుస్తుంది. వలస వ్యవసాయ కూలీల దుస్థితి మీద అమెరికా టీవీ సంస్థ సీబీఎస్ తీసిన డాక్యుమెంటరీకి గొంతు ఆయనదే. 1961లో పదవిలోకి రాగానే, దాన్ని ప్రసారం చేయవద్దని బీబీసీని కోరింది కూడా ఆయనే. బీబీసీ వినలేదు. అంతటివాడికే అలా జరిగిందంటే లోపం మనిషిది మాత్రమే కాదు.

రోవన్ హయాంలో వియత్నాం యుద్ధం ముదిరింది. వార్తలు ప్రభుత్వ విధానానికి తోడ్పడాలన్న ఒత్తిడి రేడియో మీద పెరిగింది. దాని డైరెక్టర్ హెన్రీ లూమిస్ 1965లో తప్పుకున్నారు. నచ్చని వార్తను దాచకపోవడమే ఆ రేడియోకు బలమని సిబ్బందికి చెప్పి మరీ వెళ్లారు. అదే ఏడాది నల్లజాతి నేత మాల్కం ఎక్స్ హత్య జరిగినప్పుడు, ఆసియా, ఆఫ్రికా పత్రికలు ఆయన్ను వీరుడిగా కీర్తించడాన్ని రోవన్ తప్పుపట్టారు. ఆ మాటలు చదివి బాధపడ్డాను. దక్షిణాదిలో ఊరూరా తిరిగిన విలేకరైతే, వాళ్లలా ఎందుకు రాశారో ముందు కనుక్కునేవాడు.

1965లోనే రాజీనామా చేసి కాలమ్ రాయడానికి తిరిగొచ్చారు. 2000లో పోయేదాకా ఆయన గొంతుకు గౌరవం ఉండేది. ఆయన నిజాయితీని నేను శంకించను. కానీ శ్రోతకు కావలసిన రక్షణ ఏ ఒక్కరి నిజాయితీ మీదా ఆధారపడకూడదు. వార్త నమ్మదగినదిగా, సమగ్రంగా ఉండాలంటూ లూమిస్ హయాంలో, 1960లో, ఆ రేడియోకు ఒక నియమావళి రాసుకున్నారు. అది చట్టం కావడానికి 1976 దాకా పట్టింది.