ఊరికొచ్చే అద్దాలు, ఊళ్లో ఉండే అద్దాలు

నారాయణఖేడ్ పాఠకుడికి కంటి వెలుగు శిబిరాల గురించి కొత్తగా చెప్పేదేం లేదు. ఆశ కార్యకర్త ఇంటికొచ్చి చీటీ ఇవ్వడం, బడిలోనో పంచాయతీ ఆఫీసులోనో వరుస, అక్షరం రానివాళ్ల కోసం మూడు కొమ్మల గుర్తు ఎటు తిరిగిందో వేలితో చూపించమనే చార్టు, గడ్డం ఆనించి చూసే మిషను, వెళ్లేటప్పుడు చేతిలో దగ్గరి చూపు అద్దాలు. ఇదంతా ఖేడ్ తాండాల అవ్వలు కూడా వర్ణించి చెప్పగలరు. దీని పక్కన పెట్టి చూడదగింది ముథోల్. అది నిర్మల్ జిల్లాలో ఉంది, ఒకప్పటి ఆదిలాబాద్. ఖేడ్‌లాగే అదీ సరిహద్దు ఊరే. ఖేడ్‌కు బీదర్ ఎంత దగ్గరో, ముథోల్‌కు మహారాష్ట్ర అంత దగ్గర. రెండు చోట్లా ముసలివాళ్లు ఒకే మాటలో రెండు మూడు భాషలు కలిపేస్తారు. హైదరాబాదు రెండింటికీ దూరమే. కంటి చూపు విషయంలో మాత్రం ఈ రెండు ఊళ్లకు దక్కిన పద్ధతులు వేరు.

శిబిరం పద్ధతికి మన దగ్గర పాత వంశం ఉంది. 1968లో తిరుపతిలో ఒక్కరోజే 833 కంటి ఆపరేషన్లు చేసిన కన్నడిగుడు డాక్టర్ ఎం.సి. మోదీ ఆ వంశంలో పెద్ద. డాక్టరే ఊరికి వెళ్లాలి, జనం తిరునాళ్లకు వచ్చినట్టు రావాలి అన్నది ఆ నమ్మకం. తెలంగాణ ప్రభుత్వం 2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌లో కంటి వెలుగు మొదలుపెట్టినప్పుడు ఆపరేషన్ పక్కకు జరిగింది, అద్దాలు ముందుకొచ్చాయి. నమ్మకం మాత్రం అదే. రెండో విడత 2023 జనవరి 18న ఖమ్మంలో మొదలైంది. 1,500 బృందాలు, 100 పనిదినాలు అని లెక్క కట్టారు. ఒక్కో విడతలో కోటిన్నరకు పైగా మంది కళ్లు చూశారు. ఆంధ్రప్రదేశ్ కూడా 2019 అక్టోబరులో అనంతపురంలో బడిపిల్లలతో మొదలుపెట్టి, 2020 ఫిబ్రవరిలో కర్నూలులో అవ్వాతాతల విడతకు వచ్చింది.

ముథోల్ కథ ఇంత చప్పుడు చేయలేదు. అమెరికా నుంచి తిరిగొచ్చిన డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు 1987లో హైదరాబాదులో ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థను నడపడం మొదలుపెట్టారు. సినిమా ప్రసాద్ గారి కుటుంబం ఇచ్చిన దానం దానికి అండ. ఆ సంస్థ తొలి గ్రామీణ ఆసుపత్రి 1996లో ముథోల్‌లో వెలిసింది. అక్కడి నుంచి ఒక పిరమిడ్ కట్టుకుంటూ వచ్చారు. ప్రతి యాభై వేల జనాభాకు ఒక చిన్న విజన్ సెంటర్, ఐదు లక్షలకు ఆపరేషన్ చేయగల ఆసుపత్రి, ఆపైన యాభై లక్షలకు పెద్దాసుపత్రి. విజన్ సెంటర్‌లో డాక్టరుండడు. ఇంటర్ చదివి ఏడాది శిక్షణ పొందిన చుట్టుపక్కల కుర్రాడో అమ్మాయో ఉంటారు. అలాంటి గదులు ఇవాళ రెండు వందలు దాటాయి.

ఎవరొస్తారు అని అడిగితే శిబిరానిదే పైచేయి. ఖేడ్ ప్రాంతపు తాండాల్లో చెరకు కొట్టే కాలం వచ్చిందంటే వయసులో ఉన్నవాళ్లు వలస వెళ్లిపోతారు. మిగిలేది ముసలివాళ్లు, మనవలు. అలా మిగిలిన అవ్వ తనంతట తాను కంటి పరీక్షకు బయలుదేరదు. 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ బస్సులో ఆడవాళ్లకు టికెట్ లేదు గనుక ఛార్జీ అడ్డం తొలగింది, తోడు అడ్డం తొలగలేదు. కొడుకు ఒకరోజు కూలి వదులుకుంటేనే ఆమె పట్నం ఆసుపత్రి మెట్లెక్కుతుంది, అంత మాట ఆమె నోటివెంట రాదు. అదే శిబిరానికి ఊరు ఊరంతా పోతుంది, ఎవరినీ అడగక్కర్లేదు. విజన్ సెంటర్ బాధ ఉన్నదని ఒప్పుకున్నవాళ్లకోసం తలుపు తీసి ఉంచుతుంది. శిబిరమైతే ఇంకా ఒప్పుకోనివాళ్లను కూడా లాక్కొస్తుంది. కందులు ఏరేటప్పుడు రాళ్లు దాటిపోతున్నాయని, మందుబిళ్లల అట్ట మీద రాసింది కనిపించడం లేదని ఎవరూ జబ్బు కింద చెప్పుకోరు. వయసు కింద సరిపెట్టుకుంటారు.

మర్నాటి సంగతికొస్తే తక్కెడ రెండోవైపు మొగ్గుతుంది. చత్వారం ఒక్కసారితో తేలిపోయే లెక్క కాదు. నలభై ఐదేళ్లప్పుడు ప్లస్ ఒకటి సరిపోయిన కంటికి అరవై దాటేసరికి ప్లస్ రెండున్నర దాకా కావాలి. తొలి విడతలో తీసుకున్న జత రెండో విడత నాటికి చాలామందికి చాలకుండా పోయి ఉంటుంది. ఈలోగా కొమ్మ విరగొచ్చు, మర ఊడొచ్చు, మనవడు దానిమీద కూర్చోవచ్చు. ఇంకో చిత్రం ఉంది. కొందరు ముసలివాళ్లు ఉన్నట్టుండి అద్దాలు లేకుండానే చదవగలుగుతారు. చూపు తిరిగొచ్చిందని సంబరపడతారు. చాలాసార్లు అది కంటిలోపల శుక్లం ముదురుతున్న గుర్తు. ఒక్కనాడు చూసి వెళ్లే శిబిరానికి ఆ మార్పు పట్టుబడడం కష్టం. పోయినేడు రాసిపెట్టుకున్న పవర్ పక్కనే ఉన్న విజన్ సెంటర్‌లో ఇట్టే తెలుస్తుంది. అద్దాలు కళ్లకు పడలేదని చెప్పుకోవడానికి కూడా అక్కడ ఒక మనిషి ఉన్నాడు. శిబిరం మీద ఫిర్యాదు చేద్దామంటే శిబిరమే ఉండదు.

ఇంత తేడాలోనూ రెండూ అన్నదమ్ముల పిల్లలే. 1996–2000 మధ్య ఆంధ్రప్రదేశ్‌లో నాలుగు ప్రాంతాల్లో పదివేలకు పైగా మందిని పరీక్షించిన అధ్యయనంలో అంధత్వానికి శుక్లం తర్వాత పెద్ద కారణంగా తేలింది అద్దాలు లేకపోవడమే. ఒక జత అద్దాలతో పోయేదాన్ని గుడ్డితనం కింద లెక్కించాల్సి రావడం సిగ్గుచేటు. ఆ సిగ్గు లోంచే రెండు పద్ధతులకూ బలం వచ్చింది. అలాగే రెండింటిలోనూ చూపు కొలిచేది పెద్ద డాక్టరు కాదు, కంటి పరీక్ష నేర్చిన మనిషి. తేడా డబ్బు దగ్గర వస్తుంది. శిబిరంలో అద్దాలు ఉచితం. విజన్ సెంటర్‌లో పరీక్ష ఉచితం, తక్కువ ధరకు అద్దాలు అమ్మి ఆ రాబడి మీద చాలావరకు గది నడుపుకుంటారు. ఉచితమైతే విలువ తెలియదని వాదించే పెద్దమనుషులున్నారు. నాకు ఆ వాదన రుచించదు. డబ్బు పెట్టి కొన్న జతా విరుగుతుంది.

ఈ తర్జనభర్జన మనకే పరిమితం కాదు. బ్రిటన్‌లో 1948లో జాతీయ ఆరోగ్య సేవ అద్దాలు ఊరికే ఇచ్చింది. 1951లో వాటికీ కట్టుడు పళ్లకూ రుసుము పెట్టబోతే, ఆ సేవను నిలబెట్టిన అనైరిన్ బెవన్ మంత్రి పదవి వదులుకున్నాడు. అరవై దాటినవాళ్లకు అక్కడ ఇవాళ పరీక్ష ఉచితమే గానీ అద్దాలకు మాత్రం చాలామంది డబ్బు కట్టాలి. ఒకరకంగా ముథోల్ దారి. అమెరికాలో ముసలివాళ్ల వైద్యానికని 1965లో పుట్టిన మెడికేర్ మామూలు అద్దాలను లెక్కలోకే తీసుకోదు, శుక్లం ఆపరేషన్ అయ్యాక ఒక జతకు తప్ప. మనవడి పెంపకానికి డల్లాస్ వెళ్లే అమ్మమ్మ ఇక్కడే రెండు జతలు చేయించుకుని పెట్టెలో పెట్టుకోవడంలో ఆర్థికశాస్త్రం ఉంది.

ఖేడ్ చుట్టుపక్కల సంతల్లో, జాతరల్లో ఈ రెండింటికన్నా ముందునుంచీ ఉన్న మూడోవాడు ఒకడున్నాడు. గుడ్డ పరిచి అద్దాలు పేర్చుకుని కూర్చునేవాడు. ఇది పెట్టుకో అవ్వా, కనబడుతోందా, కాకుంటే ఇది చూడు అంటాడు. పేపరు ముక్కో సూదీదారమో అతని పరీక్ష. పండితులు అతన్ని చూసి నవ్వుతారు గానీ, శిబిరంలా జనం ఉన్నచోటికే వస్తాడు, విజన్ సెంటర్‌లా మళ్లీ దొరుకుతాడు. రెండు కళ్లకూ వేర్వేరు పవర్ ఉంటే అతని అద్దాలు పనికిరావు, లోపల ముదురుతున్న శుక్లమో నీటికాసులో అతనికి కనబడవు. శిబిరానికీ విజన్ సెంటర్‌కూ ఉన్న చదువు అతనికి లేదు. అతనికున్న వారం వారం రాక ఆ రెండింటికీ లేదు. కంటి పరీక్ష నేర్చిన మనిషి ఒకరు మిషను, అద్దాల పెట్టె పట్టుకుని సంతరోజున ఖేడ్ మండలాల్లో కూర్చుంటే, కొత్త విడత ఎప్పుడో అని ఎదురుచూడక్కర్లేదు, కొత్త భవనమూ కట్టక్కర్లేదు. జీతం ఏ పద్దు కింద ఇవ్వాలో తేల్చుకుంటే చాలు.