అటక మీద చదరంగం

పోయిన నెల రెండు ఆదివారాలు కూర్చుని లెక్క తేల్చాను. పుస్తకాలు 412. బెల్‌గ్రేడ్‌లో అచ్చయ్యే ‘చెస్ ఇన్ఫార్మెంట్’ సంపుటాలు 31. పత్రికలు అయిదు అట్టపెట్టెలు. లెక్కపెట్టే ఓపిక లేక తూచాను, 74 కిలోలు. సీడీలు, డీవీడీలు కలిపి 140. వీడియో క్యాసెట్లు 22. బూట్ల డబ్బా నిండా ఫ్లాపీలు. ఇంతా చేసి ఇంట్లో ఆడుకోవడానికి ఉన్న బోర్డు ఒక్కటే. అందులో ఒక నల్ల బంటు ఎప్పుడో పోయింది. దాని బదులు దగ్గుమందు సీసా మూత డ్యూటీ చేస్తోంది.

ఈ లెక్క సరదాకి కాదు. ఇల్లు మారుతున్నాం. ఇప్పుడు కట్టే ఫ్లాట్లలో అటక అనేదే లేదు. మా ఆవిడ అటక కింద నిలబడి, “వీటిని మీరు చదువుతారా, కాపలా కాస్తారా?” అని అడిగింది. జవాబు చెప్పకుండా నిచ్చెన దిగాను.

బ్యాంకు ఉద్యోగంలో తొలి పోస్టింగ్ తెనాలి. అప్పట్లో చెస్ పుస్తకం దొరకడమే గగనం. విజయవాడ వెళ్తే విశాలాంధ్రలో సోవియట్ పుస్తకాల మధ్య ఒకటో అరో తగిలేది. హైదరాబాద్ వస్తే ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్. ఇన్ఫార్మెంట్ కావాలంటే మనియార్డర్ కట్టి నెలల తరబడి పోస్ట్‌మాన్ దారి చూడాలి. 1966లో అలెగ్జాండర్ మతనోవిచ్ మొదలుపెట్టిన ఆ సంపుటాల తమాషా ఏమిటంటే, ఆటల కింద రాసే వ్యాఖ్యల్లో ఒక్క వాక్యం ఉండదు. అంతా గుర్తులే. తెల్లవాడిది కాస్త పైచేయి అంటే ఒక గుర్తు, ఎటూ తేలని స్థితి అంటే పడుకోబెట్టిన ఎనిమిది, ఇంతకుముందు ఎవరూ వెయ్యని ఎత్తుకి ఇంకో గుర్తు. ఆ గుర్తుల అర్థాలు ముందు పేజీల్లో బోలెడు భాషల్లో ఉండేవి. తెలుగు లేదు, ఆ లోటు ఎప్పుడూ తెలియలేదు. టిబిలిసీలో కూర్చున్నవాడికి ఎంత అర్థమయ్యేదో తెనాలి బోసు రోడ్డులో కూర్చున్న నాకూ అంతే అర్థమయ్యేది. ఇంగ్లిష్ అంటే బెదిరిపోయే మా తరం ఆటగాళ్లకి అదెంత ధైర్యమో ఇప్పటివాళ్లకి చెప్పినా తెలియదు.

అప్పుడది ఏడాదికి రెండుసార్లే వచ్చేది. కొత్తది ఎవరి చేతికి ముందు చిక్కిందో తెలిస్తే, ఆ నెల వాడితో సిసిలియన్ ఓపెనింగ్ ఆడకుండా జాగ్రత్తపడేవాళ్లం. నా దగ్గర 30 నుంచి 61 దాకా ఉన్నాయి. మధ్యలో 44 లేదు. ఎవరికో ఇచ్చాను, ఎవరికో గుర్తులేదు. ఎవరింటికి వెళ్లినా ముందు వాళ్ల పుస్తకాల బీరువా కేసి చూసే అలవాటు నాకు అప్పటి నుంచే.

ఇప్పుడు ఆ 31 సంపుటాల్లో ఉన్న ఆటలన్నీ ఫోన్లో ఉన్నాయి. చెస్‌బేస్ వాళ్ల మెగా డేటాబేస్‌లో కోటికి పైగా ఆటలున్నాయి. లీచెస్ సైటు అయితే పైసా అడగదు. సమాచారం కోసమే అయితే ఈ అటక ఎప్పుడో ఖాళీ కావాలి.

కొత్తింట్లో పట్టనివాటిని పంచడానికి ముందు ఒక్కో పుస్తకం తెరిచి చూడాలనుకున్నాను. అక్కడే దొరికిపోయాను. ఏది తెరిచినా మొదటి నలభై పేజీలు పెన్సిల్ టిక్కులు, తర్వాత తెల్లగా, పెళ్లిచూపులకి దాచిన చీరలా ఉంటుంది. చివరి పేజీ దాకా టిక్కులున్నవి, సిగ్గు విడిచి చెబుతున్నాను, తొమ్మిది. చెస్ పుస్తకాన్ని కళ్లతో చదవలేం. పక్కన బోర్డు ఉండాలి, చేత్తో ఎత్తులు వెయ్యాలి. రచయిత మధ్యలో “ఇలా కాకుండా అలా వేసుంటే” అని పక్కదారి పట్టినప్పుడు, అసలు ఆట చెదరకుండా ఆ దారి చూడటానికి ఇంకో చిన్న బోర్డు కూడా ఉండాలి. అప్పుడు ఒక ఆటకి ఒక సాయంత్రం పడుతుంది. అరవై ఆటల పుస్తకానికి రెండు నెలలు. ఆ లెక్కన నా 412 పుస్తకాలకి 68 ఏళ్లు పై మాటే. రిటైరై ఆరేళ్లయింది. కొన్న ప్రతిసారీ చదివేసినట్టే అనిపించేది, అదే ఇందులో మోసం. బోర్డు ముందు కూర్చోవడానికి బద్ధకించిన రోజునే పుస్తకాలు ఎక్కువ కొన్నానని రసీదుల తేదీలు చూస్తే తెలిసింది. రసీదులు కూడా దాచాను మరి.

ఏరివేతలో ముందు ఓపెనింగ్ పుస్తకాలకి మూడింది. వీటిలో ఎన్నో పాత పంచాంగాలతో సమానం. ఒక లావుపాటి పుస్తకంలో రుయ్ లోపెజ్‌కి నల్లవాడు బెర్లిన్ డిఫెన్స్ ఆడితే ఏమవుతుందో అర పేజీలో తేల్చేశారు, దానికంతకన్నా చోటు దండగ అన్నట్టు. 2000లో లండన్‌లో క్రామ్నిక్ సరిగ్గా ఆ బెర్లిన్‌తోనే కాస్పరోవ్‌ని కట్టిపడేసి ప్రపంచ కిరీటం పట్టుకుపోయాడు. ఆ మ్యాచ్‌లో కాస్పరోవ్ ఒక్క ఆట కూడా గెలవలేదు. ఆ అర పేజీ మాత్రం చింపి దాచుకున్నాను. మిగతా పుస్తకం పెట్టెలోకి వెళ్లింది.

ముగింపు ఆట పుస్తకాల దగ్గర చెయ్యి ఆడలేదు. ఏనుగు, బంటు మిగిలిన ఆటలో బంటు తక్కువైనవాడు ఎలా నిలబడాలో ఫిలిడోర్ 1777లో అచ్చు వేశాడు. ఈ రోజుకీ అందులో పొల్లు లేదు. అన్నీ అంత గట్టివి కావు లెండి. రెండు బిషప్‌లకి ఎదురుగా ఒంటరి గుర్రం ఉంటే గుర్రంవాడు డ్రా చేసుకోగలడని 1851లో క్లింగ్, హార్విట్జ్ చూపించిన కోటని నూటముప్పై ఏళ్లు అందరూ నమ్మారు. 1983లో కెన్ థాంప్సన్ కంప్యూటర్ అది మామూలుగా గెలుపేనని తేల్చింది. నా దగ్గరున్న పుస్తకంలో ఆ పేజీ అంచున నా దస్తూరీలోనే “తప్పట!” అని ఉంది. ఎప్పుడు రాశానో, ఎవరు చెప్పగా రాశానో తెలియదు. అలాంటి పుస్తకాన్ని ఎవరికిస్తాం?

ఫిషర్ ‘మై 60 మెమొరబుల్ గేమ్స్’ 1969 నాటి పాత పద్ధతిది. అంటే ఇ4 అని ఉండదు, రాజు బంటు నాలుగో గడికి అని ఉంటుంది. అందులో తెల్లవాడు తన వైపు నుంచి, నల్లవాడు తన వైపు నుంచి గడులు లెక్కపెడతారు. ఒకే ఇంటికి ముందు వీధిలో ఒక నంబరు, వెనక వీధిలో ఒక నంబరు ఉన్నట్టు. 1981 నుంచి అంతర్జాతీయ చెస్ సమాఖ్య ఫిడే ఆ పద్ధతిని గుర్తించడం మానేసింది. ఇప్పటి పిల్లలకి అది గ్రంథ లిపే. 1995లో కొత్త పద్ధతిలో మళ్లీ వేసినప్పుడు లోపలి మాటలు కూడా మార్చారని పెద్ద గొడవైంది, ఫిషరే మండిపడ్డాడు. అందుకని చదవగలిగేవాళ్లు తగ్గినా పాతది నాతోనే ఉంటుంది.

సీడీల సంగతి చెప్పుకుంటే నవ్వులాట. కొత్త ల్యాప్‌టాప్‌కి సీడీ పెట్టే చోటే లేదు. బయట నుంచి తగిలించే డ్రైవు కొని, చెస్‌బేస్ ఫైళ్లన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాను. తెలివి ఎక్కువై, చివర సీబీహెచ్ అని ఉన్నవి మాత్రం ఎక్కించి, మిగతావి చెత్త అనుకుని సీడీలు విరిచేశాను. తర్వాత తెలిసింది, సీబీహెచ్‌లో ఉండేది ఎవరు ఎవరితో ఎక్కడ ఆడారన్న చిట్టా మాత్రమే. ఎత్తులు సీబీజీలో, వ్యాఖ్యలు సీబీఏలో ఉంటాయి. శుభలేఖలన్నీ మిగిలాయి, పెళ్లిళ్లు పోయాయి. మీరూ ఇలాంటి పని పెట్టుకుంటే మొత్తం ఫోల్డర్‌ని ఎక్కించండి, లేదా ముందే పీజీఎన్‌లోకి మార్చుకోండి. పీజీఎన్ ఉట్టి అక్షరాల ఫైలు, ఏ కంప్యూటరైనా తెరుస్తుంది. క్యాసెట్లకి బూజు పట్టింది, వాటి గురించి మాట్లాడేదేం లేదు.

ఇవ్వడం కొనడం కన్నా కష్టం. క్లీవ్‌లండ్ లాయరు జాన్ వైట్ 1928లో పోతూ తన చెస్ గ్రంథాలని ఊరి పబ్లిక్ లైబ్రరీకి రాసిచ్చాడు. ఊరికే ఇవ్వలేదు, వాటిని పెంచడానికి డబ్బు కూడా రాశాడు. ఇవాళ అది ముప్పై వేల సంపుటాలు దాటిన భాండాగారం, ప్రపంచంలో ఇంకెక్కడా అంత చెస్ ఒకచోట లేదు. నాకు అంత పుస్తకమూ లేదు, అంత డబ్బూ లేదు. మా దగ్గర్లోని గ్రంథాలయంలో అడిగితే లైబ్రేరియన్ మర్యాదగానే, “చెస్ నంబరు 794.1 కింద మాకు అరలో ఒక మూల ఉందండీ, పదిహేను పడతాయి” అన్నాడు. పదిహేను ఇచ్చాను. పిల్లలకి చెస్ నేర్పే ఒక కుర్రాడు వచ్చి పజిల్ పుస్తకాలు మాత్రం ఎత్తుకెళ్లాడు, “మిగతావన్నీ ఆన్‌లైన్లో ఉన్నాయి అంకుల్” అంటూ. ఆ ఎంపిక తప్పనను. మనీలాలో ఉన్న చిన్నతనంలో ఆనంద్ టీవీ పజిళ్లు విప్పి పుస్తకాలు గెలిచేవాడు. ఆఖరికి కావలసినవన్నీ పట్టుకెళ్లు, ఇంక జవాబులు పంపకు అన్నారట నిర్వాహకులు. ఆకలి ఉన్నవాడికి పజిలే అన్నం.

ఇంతకీ అసలు సరుకు నేను పనికిరానిదనుకున్న పెట్టెలో ఉంది. మా ఊరి వైపు 1980లలో జరిగిన టోర్నమెంట్ల సైక్లోస్టైల్ బులెటిన్లు, కార్బన్ స్కోర్ షీట్లు. అప్పట్లో అసలు షీటు ఆర్బిటర్‌కి ఇచ్చి కార్బన్ కాపీ మనం ఉంచుకునేవాళ్లం. కల్యాణమంటపాల్లో, బడి హాళ్లలో, ఫ్యాను కింద బల్ల కోసం తగువులాడుకుంటూ ఆడిన ఆటలు. వీటిలో కొన్నింటిని ఆ కోటి ఆటల డేటాబేస్‌లో వెతికాను. ఒక్కటీ లేదు.

మన తెలుగువాళ్లలో హరికృష్ణ 2001లో, హంపి 2002లో, హారిక 2011లో గ్రాండ్‌మాస్టర్లయ్యారు. 2018లో వరంగల్ అర్జున్. వీళ్ల ఆటలు ప్రతి ఎత్తూ భద్రంగా ఉన్నాయి. కానీ వీళ్లకి ముందు, ఈ ఆట జిల్లాల్లో బతికి ఉండటానికి కారణమైన గుమాస్తాలు, టీచర్లు, తండ్రులు ఉన్నారు కదా. హంపికి ఆట నేర్పిన నాన్న అశోక్ గారే స్వయంగా టోర్నమెంట్లు ఆడిన మనిషి. ఆ తరం ఆట ఎలా ఆడిందో చెప్పే సాక్ష్యం ఇలాంటి కార్బన్ కాగితాల మీదే ఉంది, ఆ కార్బన్ కూడా ఏటేటా వెలిసిపోతోంది.

అందుకని పుస్తకాల పని పక్కన పెట్టి వీటిని పీజీఎన్‌లోకి ఎక్కిస్తున్నాను. మొత్తం 212 ఆటలు. ఇప్పటికి 57 అయ్యాయి. ఒక్కోదానికి ముప్పావుగంట. కొందరు ఒకే షీటులో సగం పాత పద్ధతి, సగం కొత్త పద్ధతి రాశారు. గడియారం తరుముతున్నప్పుడు ఎత్తులు మానేసి గీతలు గీశారు. ఒకచోట ఏనుగు తన బంటు మీద నుంచి దూకుతుంది. అంటే పైన ఎక్కడో ఒక ఎత్తు రాయడం మరిచారన్నమాట. వెనక్కి వెళ్లి, ఏ ఎత్తు ఉంటే కిందవన్నీ కుదురుతాయో చూసుకుంటూ రావాలి. బోర్డు మీద ఇంత శ్రద్ధగా నేను ముప్పై ఏళ్లలో కూర్చోలేదు.

పోయిన గురువారం 57వది నాదే తగిలింది. 1987, ఆఖరి రౌండు. అవతల రేపల్లె లెక్కల మాస్టారు. 46 ఎత్తులు, డ్రా, ఇద్దరి సంతకాలు. ఆఖరి స్థితి బోర్డు మీద పెట్టి చూస్తే, ఏనుగులూ, ఆయనకి ఒక బంటూ మిగిలాయి. బంటు ఏడో వరసలో ఉంది, దాని ముందు ఆయన రాజు, నా రాజు అడ్డుకోలేనంత దూరంలో. ఏ పుస్తకంలోనైనా ఉండే గెలుపు. లెక్కల మాస్టారికి అది తెలియకపోవడం ఉండదు.

నంబరు సంపాదించి ఫోన్ చేశాను. ఆయనకిప్పుడు ఎనభై ఒకటి.

“మాస్టారూ, ఆ రోజు డ్రాకి ఎందుకు ఒప్పుకున్నారు? గెలిచే ఆట కదా.”

“గెలుపే. ఇంకో పది ఎత్తులు వేస్తే రేపల్లె ఆఖరి బండి పోయేదయ్యా.” కాసేపు నవ్వి, “అవునూ, నీ ఇన్ఫార్మెంట్ ఒకటి ఇన్నేళ్లుగా నా బీరువాలోనే ఉంది. 44. పంపించమంటావా?”

పంపించమన్నాను. ఇంట్లో ఇంకా చెప్పలేదు.