వరుసలో కలిసిన జనం

బౌలింగ్ హాల్లో లేన్లన్నీ నిండిపోయాయి. ఆడదామని వచ్చినవాళ్లు ముందువాళ్ల ఆట అయ్యేదాకా పక్కన నిలబడ్డారు. పూల్ బల్లల దగ్గరా అంతే, ఆర్కేడ్ మెషిన్ల దగ్గరా అంతే. విచిత్రమేమిటంటే ఆ హాలు ఏ ఊళ్లోనూ లేదు, టీవీ తెరలో ఉంది. ఇటుకా సిమెంటూ అక్కర్లేని చోట, కోడ్ రాస్తే వంద లేన్లు పుట్టించగల చోట జనం వరుస కట్టారు. 2008 డిసెంబరు 11న సోనీ ప్లేస్టేషన్ 3 మీద నడిచే ఆన్‌లైన్ లోకం 'ప్లేస్టేషన్ హోమ్' అందరికీ తెరుచుకున్నప్పుడు వినిపించిన మొదటి ఫిర్యాదుల్లో ఇదొకటి.

ఫిర్యాదు న్యాయమైనదే. పనీ పాఠాలూ ముగించుకుని కాసేపు ఆడుకుందామని కూర్చున్నవాడికి అక్కడా ఎదురుచూపేనా?

అయితే ఆ వరుసలో ఇంకొకటి కూడా జరిగింది. ఊరికే నిలబడ్డ ఆటగాడు బటన్ నొక్కి, తెరమీద తన రూపమైన అవతార్‌తో డాన్సు చేయించాడు. పక్కనున్న అవతార్ అదే స్టెప్పు అందుకుంది. కాసేపటికి పదిమంది. ఎవరో "ఎక్కడి నుంచి?" అని టైప్ చేశారు, ఇంకెవరో జవాబిచ్చారు. లేన్ ఖాళీ అయ్యేసరికి ఆట సంగతి మరిచిపోయినవాళ్లూ ఉంటారు. కట్టినవాళ్లు బౌలింగ్ కోసం హాలు కట్టారు, వచ్చినవాళ్లు దాన్ని అరుగు చేసుకున్నారు. ఆన్‌లైన్ లోకాలు కట్టే పనిలో అన్నిటికన్నా కష్టమైన పాఠం ఇక్కడే ఉంది.

హోమ్‌ను తయారుచేసింది సోనీ లండన్ స్టూడియో. 2007 మార్చి 7న శాన్‌ఫ్రాన్సిస్కోలో గేమ్ డెవలపర్ల సదస్సు వేదిక మీద సోనీ తరఫున ఫిల్ హారిసన్ దీన్ని ప్రకటించాడు. అప్పటికి ప్లేస్టేషన్ 3 మార్కెట్లోకి వచ్చి నాలుగు నెలలే. ఆ ఏడాదే వస్తుందన్న హోమ్ ఒకసారి కాదు, రెండుసార్లు వాయిదా పడింది. చివరికి వచ్చినప్పుడు కూడా 'బీటా' అన్న ముద్రతోనే, ఉచితంగా వచ్చింది. నడుమ ఒక చౌరస్తా, చుట్టూ సినిమా హాలు, షాపింగ్ మాల్, బౌలింగ్ హాలు. ప్రతి ఒక్కరికీ సముద్రం కనబడే బాల్కనీతో ఓ చిన్న ఫ్లాటు. సోఫా ఎక్కడ వేయాలో, గోడకు ఏం తగిలించాలో ఎవరిష్టం వాళ్లది. స్నేహితులను ఆ ఇంటికి పిలుచుకోవచ్చు.

వినడానికి తేలికగా ఉంటుంది కానీ, కన్సోల్ మీద ఇదంతా కట్టడం కత్తి మీద సామే. ప్లేస్టేషన్ 3లో మొత్తం మెమరీ 512 మెగాబైట్లు, అందులో సగం ప్రాసెసర్‌కు, సగం గ్రాఫిక్స్‌కు. మామూలు గేమ్‌లో ఏ పాత్ర ఎప్పుడు వస్తుందో, ఏ బట్టలతో వస్తుందో తయారుచేసేవాళ్లకు ముందే తెలుసు. హోమ్‌లో అది ఎవరికీ తెలియదు. ఒక్కొక్కరు ఒక్కో ముఖంతో, ఒక్కో చొక్కాతో, ఒక్కో టోపీతో నడిచొస్తారు. ఆ చొక్కా, ఆ టోపీ అక్కడున్న ప్రతి ఒక్కరి మెషిన్‌లోకీ అప్పటికప్పుడు చేరాలి. అందుకే కొత్తగా వచ్చిన మనిషి మొదట వివరాలేవీ లేని నీడలాగా కనిపించేవాడు. సమాచారం అందాక ఆ నీడకు ముఖమూ బట్టలూ వచ్చేవి. చౌరస్తాలో చూపు తిప్పితే సగంమంది మనుషులు, సగంమంది నీడలు.

జనం పెరిగితే అందరినీ ఒకే చౌరస్తాలో ఇరికించలేరు. దానికి మరో నకలు తెరుచుకునేది, అదీ నిండితే ఇంకొకటి. ఇద్దరు స్నేహితులు ఒకే చౌరస్తాలో, ఒకే బెంచీ దగ్గర నిలబడి కూడా ఒకరికొకరు కనబడకపోవచ్చు, ఇద్దరూ ఉన్నవి వేర్వేరు నకళ్లు గనక. పైగా ఒక చోటి నుంచి ఇంకో చోటికి వెళ్లిన మొదటిసారి ఆ చోటంతా డౌన్‌లోడ్ కావాలి. మొదట్లోనే హార్డ్ డిస్కులో సుమారు 3 గిగాబైట్ల జాగా హోమ్‌కు వదిలిపెట్టాల్సి వచ్చేది.

ఈ చిక్కులన్నిటికీ ఇంజనీర్లు ఏదో ఒక దారి కనిపెట్టగలరు. ముందుగా లెక్కగట్టలేనిది మాత్రం మనిషిని.

ఆ సంగతి ఈ రంగానికి చాలాముందే తెలుసు. 1986లో లుకాస్‌ఫిల్మ్ గేమ్స్‌కు చెందిన చిప్ మార్నింగ్‌స్టార్, రాండీ ఫార్మర్ కమడోర్ 64 కంప్యూటర్ల కోసం 'హాబిటాట్' అనే ఆన్‌లైన్ ఊరు కట్టారు. జనానికి కాలక్షేపం కావాలి కదా అని వారాల తరబడి శ్రమించి ఓ నిధి వేట తయారుచేశారు. ఒక ఆటగాడు దాన్ని దాదాపు ఎనిమిది గంటల్లో తేల్చేశాడు. మిగతావాళ్లకు వేట మొదలైన సంగతి తెలిసేలోపే అంతా అయిపోయింది. మరోసారి ఒక యంత్రం తక్కువకు అమ్మే వస్తువును ఇంకో యంత్రం ఎక్కువకు కొంటోందని కొందరు పసిగట్టారు. రాత్రంతా ఇటు కొని అటు అమ్మారు. తెల్లారేసరికి ఊళ్లో ఉన్న డబ్బు అయిదింతలైంది. దోపిడీలూ హత్యలూ పెరిగితే, వాటిని నేరాలుగా చూడాలా వద్దా అని ఊరివాళ్లనే ఓటడిగారు, జనం దాదాపు సగం సగంగా చీలిపోయారు. చివరికి ఊళ్లో ఆయుధాలు పనిచేయవని, ఊరి బయట పనిచేస్తాయని తేల్చారు. ప్రణాళిక మీద ప్రణాళిక వేసిన ఆ ఇద్దరూ తర్వాత జనం ఎటు వెళ్తే అటు వెళ్లి, అడిగింది కట్టి ఇవ్వడం నేర్చుకున్నారు.

హోమ్‌కూ ఆ చదువు తప్పలేదు. తెరిచిన మొదటి రోజుల్లోనే ఆడ అవతార్‌తో వచ్చినవాళ్లను గుంపులుగా చుట్టుముట్టి, దారికి అడ్డంగా డాన్సులు చేసి వేధిస్తున్నారన్న వార్తలు వచ్చాయి. సరదాగా పదిమందిని కలిపిన ఆ డాన్సే ఇంకొకరికి ఊపిరాడనివ్వని వల అయింది. బటన్ ఒకటే, స్టెప్పు ఒకటే. ఏది సరదా, ఏది వేధింపు అని తేల్చడం కోడ్‌కు చేతకాదు, చూసే మనిషి ఉండాలి. ఆటల లోకాన్ని నడిపేవాళ్లలో ఆ కాపలా పని చేసేవాళ్ల పేర్లు ఎక్కడా కనబడవు గానీ, ఊరు ఊరుగా నిలిచేది వాళ్లవల్లే.

హోమ్‌లో చేయడానికి ఏమీ లేదన్న విమర్శ కూడా ఉండేది. దానికి జవాబు చిన్న స్టూడియోల నుంచి వచ్చింది. సోనీ ఇచ్చిన డెవలప్‌మెంట్ కిట్‌తో, లువా అనే తేలికపాటి స్క్రిప్టింగ్ భాషతో బయటివాళ్లు కూడా చోట్లూ ఆటలూ కట్టగలిగారు. 2009లో ఎన్‌డ్రీమ్స్ 'జై' అనే అన్వేషణ నడిపింది. ఆధారాలు కొన్ని హోమ్‌లోని రహస్య గదుల్లో, కొన్ని బయట ఇంటర్నెట్‌లో. ఒక్కడి వల్ల తేలేది కాదు గనక, ముక్కూమొహం తెలియనివాళ్లు చౌరస్తాలో గుమిగూడి ఎవరికి దొరికింది వాళ్లు చెప్పుకున్నారు. హాబిటాట్ నిధి వేట ఒక్కడి చేతిలో ముగిసిపోయింది, ఈ వేట అలా కాకుండా పదిమందినీ కలుపుకుని సాగింది. ఔట్‌సో స్టూడియో 'సోడియం' పేరుతో ఆటలున్న ఓ పేటనే కట్టింది. లాక్‌వుడ్ లాంటి సంస్థలు చొక్కాలూ సోఫాలూ ఇళ్లూ అమ్మి నిలదొక్కుకున్నాయి. హోమ్‌లో చేయి తిరిగిన ఆ లాక్‌వుడే తర్వాత ఫోన్లలో 'అవకిన్ లైఫ్' అనే మరో లోకం కట్టింది.

ప్లేస్టేషన్ 4 వచ్చింది, హోమ్ మాత్రం అందులోకి రాలేదు. 2015 మార్చి 31న మూతపడింది. డబ్బిచ్చి కొన్న చొక్కాలు, ఆరేళ్లపాటు సర్దుకున్న ఇళ్లు, రోజూ కలుసుకున్న చౌరస్తా అన్నీ సర్వర్లతోపాటే పోయాయి. చివరి ఘడియల్లో చాలామంది అక్కడే గుమిగూడి, కనెక్షన్ తెగేదాకా డాన్సు చేస్తూ నిలబడ్డారు.

ఆ తర్వాత కొందరు అభిమానులు హోమ్‌ను మళ్లీ నిలబెట్టే పనిలో పడ్డారు. సొంతంగా సర్వర్ సాఫ్ట్‌వేర్ రాస్తున్నారు. పాత ప్లేస్టేషన్ 3 ఎవరి అటక మీదైనా ఉంటే, ఆ హార్డ్ డిస్కును చెరిపేయొద్దని బతిమాలుతున్నారు. హోమ్ అప్పట్లో డౌన్‌లోడ్ చేసుకున్న ముక్కలు అందులో ఇంకా ఉండొచ్చని వాళ్ల ఆశ. ఒక డిస్కులో సినిమా హాలు దొరుకుతుంది, ఇంకో డిస్కులో ఎవరిదో బాల్కనీ. ఏ డిస్కులోనూ మొత్తం ఊరు దొరకదు. దాని యజమాని అప్పట్లో ఎక్కడెక్కడ తిరిగాడో ఆ చోట్లే అందులో ఉంటాయి.