గల్ఫ్‌లో క్లీనింగ్ కొలువు

గల్ఫ్ దేశాల్లో ఆఫీసులు, ఆసుపత్రులు, మాల్స్ తళతళలాడుతున్నాయంటే అది క్లీనర్ల చలవే. తెలుగు జిల్లాల నుంచి వెళ్లిన ఎందరికో అక్కడ దొరికే తొలి కొలువు ఇదే. పెద్ద చదువులు అడగరు గానీ, పనితనం లేకపోతే నిలదొక్కుకోవడం కష్టం.

ఈ పనికి ఒక వరస ఉంది. ముందు పొడి దుమ్ము దులిపి, తర్వాతే తడిగుడ్డ పెట్టాలి. పైనుంచి కిందికి, లోపలి మూల నుంచి గుమ్మం వైపుకు తుడుచుకుంటూ రావాలి. మరుగుదొడ్డికి ఎర్రగుడ్డ, వంటగదికి ఆకుపచ్చగుడ్డ కేటాయించే పద్ధతి చాలాచోట్ల ఉంది. దానివల్ల ఒకచోటి మురికి మరోచోటికి పాకదు. గుడ్డను రెండుసార్లు సగానికి మడిచి, మాసినకొద్దీ మడత తిప్పుకుంటే తుడవడానికి 8 వైపులు దొరుకుతాయి. బ్లీచింగ్‌లో యాసిడ్ కలిస్తే క్లోరిన్ విషవాయువు పుడుతుందని తెలిసి ఉండడం ప్రాణాలు కాపాడే విద్య.

కొలువు వెతుక్కోవడంలోనూ నేర్పు కావాలి. పదో తరగతి పాసుకానివారికి 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద సాధారణంగా ముందస్తు క్లియరెన్స్ అవసరం. ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూసుకోవచ్చు. తెలంగాణ వారికి ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కూడా ఉంది. విజిట్ వీసా మీద పనికి వెళ్లకూడదు. ఒప్పందపత్రం చేతికి రానిదే విమానం ఎక్కకూడదు.