పూర్వగాథల్లో రహస్యపాత్రలు: అభిమానుల ఊహలు, అడగని ప్రశ్నలు

2015 జూలై 10న విడుదలైన ‘బాహుబలి’ మొదటి భాగం ఒక హత్య దగ్గర ఆగింది. 2017 ఏప్రిల్ 28న రెండో భాగం వచ్చేదాకా, అంటే ఇరవైఒక్క నెలలకు పైగా, కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడన్న ప్రశ్న టీ దుకాణాల్లో, కాలేజీ వరండాల్లో, బస్సుల్లో నలిగింది. ఇటీవలి తెలుగు నవల ఏదైనా ఇంతమంది చేత ఇంతకాలం ఆలోచింపజేసిందా అని అడిగితే, అవునని చెప్పటానికి నాకు ధైర్యం చాలదు. సాహిత్యకారులకు ఇది రుచించని మాట. రుచించకపోయినా దీన్ని వదిలేసి పోవటం విమర్శకుడి పని కాదు.

అభిమానుల ఊహలను పనిలేనివాళ్ల కాలక్షేపమని కొట్టివేసే ధోరణి మనలో ఉంది. నేను దానితో ఏకీభవించను. కథలో చెప్పని దాన్ని చెప్పిన దాని ఆధారంగా నిర్మించటం, ఒక పాత్ర చూపుకు, మౌనానికి కారణం వెతకటం, ఎదుటివాడి వాదంలో లొసుగు పట్టుకోవటం – ఇవన్నీ విమర్శ చేసే పనులే. సాహిత్య విద్యార్థి చేత తరగతి గదిలో చేయించలేని పనిని కట్టప్ప చేయించాడు. కాబట్టి జనం ఆలోచించలేదని అనటం అన్యాయం. వాళ్ల ఆలోచన ఏ దారిన నడిచింది, ఆ దారి ఎవరు వేశారు అన్నదే పరిశీలించాల్సిన విషయం.

ఆనాటి ఊహలను గుర్తు చేసుకుందాం. తనను చంపమని బాహుబలే కోరి ఉంటాడని కొందరన్నారు. చనిపోయినవాడు అసలు బాహుబలే కాడని కొందరన్నారు. శివగామి ఆజ్ఞాపించి ఉంటుందని మరికొందరన్నారు. చివరివాళ్ల ఊహే నిజమైంది. కాని ఆ ఊహ కూడా ఆజ్ఞ ఇచ్చిన మనిషి దగ్గరే ఆగింది. ‘మామా’ అని నోరారా పిలిచే యువకుణ్ణి, తన చేతులతో ఎత్తి పెంచినవాణ్ణి, ఒక వృద్ధుడి చేత చంపించగల శక్తి ఆ ఆజ్ఞకు ఎక్కడినుంచి వచ్చిందన్నది అసలు ప్రశ్న.

దీనికి జవాబు మొదటి భాగంలోనే ఉంది. అస్లాం ఖాన్ కట్టప్పకు స్వేచ్ఛ ఇప్పిస్తానంటాడు. కట్టప్ప నిరాకరిస్తాడు. తన పూర్వీకులు ఇచ్చిన మాట ప్రకారం తమ వంశం ఆ సింహాసనానికి బానిస అంటాడు. అంతే, రహస్యం విప్పి చెప్పేశాడు. తాతలు చేసిన అప్పుకు మనవలు పాలేరుతనం చేసిన నేల మీద పుట్టినవాళ్లం మనం. ఆ మాట విని ఉలిక్కిపడాల్సింది మనమే. కాని మనం దాన్ని స్వామిభక్తి అనుకున్నాం, చప్పట్లు కొట్టాం, తర్వాత ఇరవైఒక్క నెలలు కారణం కోసం వెతికాం. కళ్లెదుట ఉన్న బానిసత్వం కారణంగా తోచకపోవటమే ఈ కథలో నాకు కనిపించే పెద్ద రహస్యం.

ఇక పూర్వగాథల సంగతికి వద్దాం. ఒక కథ డబ్బు తెచ్చిందంటే దానికి ముందు ఏం జరిగిందో చెప్పటం నేటి వినోద వ్యాపారానికి రివాజు. 2017లో ఆనంద్ నీలకంఠన్ ఆంగ్లంలో ‘ది రైజ్ ఆఫ్ శివగామి’ నవల రాశారు. దాని ఆధారంగా నెట్‌ఫ్లిక్స్ 2018లో ప్రకటించిన ధారావాహిక ప్రేక్షకుల ముందుకు రానేలేదు. 2024 మేలో ‘బాహుబలి: క్రౌన్ ఆఫ్ బ్లడ్’ అనే బొమ్మల ధారావాహిక డిస్నీ ప్లస్ హాట్‌స్టార్‌లో వచ్చింది. ఇందులో బాహుబలి, భల్లాలదేవుడు చేయి కలిపి మాహిష్మతిని రక్తదేవుడనే రహస్య యోధుడి బారినుంచి కాపాడాలి. రక్తదేవుడు ఎవరు? ప్రచారమంతా ఈ ప్రశ్న మీదే నడిచింది. 2015లో ‘ఎందుకు’ అని అడిగిన ప్రేక్షకుణ్ణి 2024 నాటికి ‘ఎవరు’ దగ్గరికి తెచ్చి నిలబెట్టారు. ఈ మార్పు చిన్నది కాదు. ‘ఎందుకు’ అని అడిగినవాడు సంబంధాలను వెతకాలి. ‘ఎవరు’ అని అడిగినవాడికి ఒక పేరు చెబితే చాలు, తృప్తిపడి ఇంటికి పోతాడు.

ఇది మన ఒక్కరికే పట్టిన జబ్బు కాదు. టోల్కీన్ రచనల ఆధారంగా 2022లో అమెజాన్ తీసిన ‘ది రింగ్స్ ఆఫ్ పవర్’ కూడా పూర్వగాథే. అందులో సౌరాన్ ఏ వేషంలో ఉన్నాడు, ఆకాశం నుంచి పడ్డ అపరిచితుడు ఎవరు అని ప్రపంచమంతా లెక్కలు కట్టింది. మొదటివాడు హాల్‌బ్రాండ్ అని ఆ ఏడాదే తేల్చారు. రెండోవాడు గాండాల్ఫ్ అని 2024లో చెప్పారు. జవాబు దొరికిన మరుక్షణం ఆ చర్చలో సగం చప్పబడిపోయింది. దీనికి భిన్నంగా టోల్కీన్ తన నవలలో టామ్ బొంబడిల్ అనే పాత్రను కావాలనే విప్పకుండా వదిలాడు. ఆ పుస్తకం వెలువడి డెబ్భై ఏళ్లు దాటింది. పాఠకులు ఇంకా వాదించుకుంటున్నారు. రచయిత వదిలిన ఖాళీకి, వ్యాపారి దాచిన చీటీకి తేడా అదే.

మన సంప్రదాయంలో రహస్యం ఇలా ఉండేది కాదు. కర్ణుడు కుంతి కొడుకని హరికథ వినే ముసలమ్మకు ముందే తెలుసు. తెలియనిది కర్ణుడికి. ఆమె కళ్లనీళ్లు పెట్టుకునేది అతను ఎవరో తెలియక కాదు, సూతపుత్రుడన్న ఒక్క మాట ఒక మనిషి బతుకును ఏం చేసిందో తెలిసి. శ్రోతకు రహస్యం ముందే అప్పగించటం వల్ల కథకుడు ఆమెను ఊహాగానం నుంచి తప్పించి తీర్పరిగా కూర్చోబెట్టాడు.

జానపద సినిమాల్లోనూ ఒక పోలిక చూడాలి. 1951 నాటి ‘పాతాళభైరవి’లో తోటరాముడు తోటమాలి కొడుకు. సాహసం చేసి రాకుమారిని పెళ్లాడాడు. చివరికి వాడు పోయిన రాజకుమారుడని పుట్టుమచ్చ చూపించి నిరూపించవలసిన అగత్యం కె.వి.రెడ్డికి గాని, పింగళికి గాని కలగలేదు. జనమూ అడగలేదు. 2015 నాటి శివుడు గూడెంలో సంగ పెంపకంలో పెరిగాడు. జలపాతం ఎక్కే సత్తా అతనికి ఎక్కడిదంటే రాజరక్తంలోది. మాహిష్మతి ప్రజలు అతని ముఖం చూసి మోకరిల్లారు. పెంచిన తల్లి చేసిన చాకిరీ ఏ లెక్కలోకీ రాలేదు. ఈ అరవైనాలుగేళ్లలో మన ఊహ ముందుకు నడిచిందా, వెనక్కి నడిచిందా? మన ఊహాసిద్ధాంతాల్లో ఎక్కువ భాగం ఎవరి కొడుకు ఎవరన్న చుట్టూ ఎందుకు తిరుగుతున్నాయో ఇక్కడ తెలుస్తుంది.

మరి కాలకేయుల మాటేమిటి? మొదటి భాగంలో వాళ్లకొక భాష కల్పించారు, నల్లరంగు పూశారు, వికృతమైన కేకలు పెట్టించారు. వాళ్లు ఎక్కడివాళ్లు, వాళ్ల నేల ఏమైంది, మాహిష్మతి మీదికి ఎందుకు వచ్చారు? నేను చదివిన, విన్న ఊహల్లో ఈ ప్రశ్న వేసింది ఒక్కటీ లేదు. ప్రభువు చావుకు వంద కారణాలు ఊహించిన జనానికి శత్రువు చావుకు ఒక్క కారణమూ అక్కరలేకపోయింది. ఏజెన్సీ కొండలకు ఇంత దగ్గరలో ఉన్న మనం కూడా అడగలేదు.

ఊహకు ఎంత బలముంటుందో మా అనకాపల్లివాళ్లకు తెలియాలి. ఊరి పక్కనే శంకరంలో బొజ్జన్నకొండ ఉంది. ఒకప్పటి సంఘారామమే శంకరమైందంటారు. 1906లో అలెగ్జాండర్ రే అక్కడ తవ్వకాలు మొదలుపెట్టించాడు. రాతిలో తొలిచిన స్తూపాలు, బుద్ధుడి విగ్రహాలు, విహారపు గదులు ఉన్నాయి. బౌద్ధం మాసిపోయిన తర్వాత ఆ రాళ్లు ఎవరివో జనానికి తెలియలేదు. ఆ ఖాళీలోకి ఒక కథ వచ్చింది. బుద్ధుడి కొండమీది శిథిలం రాక్షసుడైంది. కనుమ పండుగనాడు చుట్టుపక్కల జనం వెళ్లి ఆ ‘రాక్షసుడి’ మీద రాళ్లు రువ్వేవారు. వారసత్వ సంరక్షకులు, అధికారులు నచ్చజెప్పాక ఆ ఆచారం ఆగింది. ఆ రాళ్లు రువ్వినవాళ్లు దుర్మార్గులు కారు, పండుగ చేసుకుంటున్న రైతులు, కూలీలు. కాని ఓడినవాణ్ణి రాక్షసుడిగా చెప్పే కథ వాళ్లు పుట్టకముందే తయారై ఉంది. చరిత్ర తెలియని చోట ఊహ ఖాళీగా ఉండదు. గెలిచినవాడి కథే అందులో కాపురం పెడుతుంది. కాలకేయుడి మీద మన పిల్లలు ఈలలు వేస్తూ రువ్వే రాళ్లూ అలాంటివే.

ఇదంతా వినోదం, దీనికింత శాస్త్రం ఎందుకని మిత్రులు అడుగుతారు. ఇందులోనే మరో దారి ఉందని చూపితే వాళ్లకు జవాబు దొరుకుతుంది. నీలకంఠన్ నవలలో కట్టప్పకు శివప్ప అనే తమ్ముడున్నాడు. వాడు బానిసత్వాన్ని అసహ్యించుకుంటాడు, తిరుగుబాటుదారుల వైపు చూస్తాడు. ఆ నవల శిల్పం మీద నాకు పేచీలున్నా, ఒక మాట ఒప్పుకోవాలి. కట్టప్ప విధేయత రక్తంలో పుట్టింది కాదని, అదే ఇంట్లో అదే సంకెళ్లలో రెండో జవాబు కూడా సాధ్యమని ఆ పాత్ర నిరూపించింది. పూర్వగాథకు సార్థకత అంటూ ఉంటే ఇదే: ఉన్న స్థితి ఎప్పుడూ ఇలాగే లేదని, ఇది ఎవరో చేసిన ఏర్పాటని చూపటం. రక్తదేవుడి ముసుగు తొలగించి ఒక పేరు చెప్పినంత మాత్రాన ఆ పని జరగదు.

ఈ విషయంలో మనకు గురువు దూరాన లేడు. తుమ్మపాలతో బంధమున్న రావిశాస్త్రి ‘ఆరు సారా కథలు’ రాశాడు. నేరం ఎవరు చేశారన్నది ఆ కథల్లో పెద్ద రహస్యం కాదు. చట్టం ఎవరికి కాపలా కాస్తుంది, ఆ కాపలా కూలి ఎవరి జేబులోంచి వస్తుందన్నదే పాఠకుణ్ణి వెంటాడుతుంది. ముసుగు మనిషి ముఖం మీద కాదు, వ్యవస్థ ముఖం మీద ఉందని ఆయన కనిపెట్టాడు.

కనుక యువ రచయితలకు, విద్యార్థులకు నేను చెప్పేది ఇదే. అభిమానుల ఊహలను చూసి నవ్వకండి, వాళ్లతో కలిసి కూర్చోండి. రక్తదేవుడు ఎవరని వాళ్లు అడిగినప్పుడు, అతనికి ఆ పేరు ఎవరు పెట్టారని అడగండి. కట్టప్ప ఎందుకు చంపాడంటే, చంపనని అనటానికి అతనికున్న వీలెంత అని అడగండి. కాలకేయుల గూడేల్లో ఆ యుద్ధం తర్వాత ఎవరు మిగిలారని అడగండి. ఆ ప్రశ్నలకు జవాబు మాహిష్మతి యజమానులు రాయరు. ఆ కథలు మనం రాయవలసినవి.