కుర్చీ వెనక మనిషి

షేక్‌పేట నుంచి శంషాబాద్ విమానాశ్రయం దారి పట్టే కార్లలో, అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లే అమ్మానాన్నలు ఎందరో. 2008లో తెరిచిన ఆ విమానాశ్రయంలో నడవలేనివారికి అండ చక్రాల కుర్చీ. దాన్ని నడిపే మనిషి పనితనం ఎంత చెప్పినా తక్కువే.

కూర్చోబెట్టేముందు, లేపేముందు బ్రేకు వేయాలి. పాదాల పలకలు పైకి మడవాలి. నిటారు వాలు దిగేటప్పుడు కుర్చీని వెనక్కి తిప్పి, బరువును తన ఒంటితో ఆపుతూ దించాలి. లేకపోతే కూర్చున్నవారు ముందుకు జారతారు. విమానంలో సీట్ల మధ్య దారిలో మామూలు కుర్చీ పట్టదు. అందుకే బెల్టులున్న సన్నని కుర్చీలోకి మార్చి సీటు దాకా చేరుస్తారు.

ఎవరికెంత సాయం కావాలో బుకింగ్‌లోని కోడ్ చెబుతుంది. దూరం నడవలేనివారికి డబ్ల్యూసీహెచ్ఆర్, మెట్లు కూడా ఎక్కలేనివారికి డబ్ల్యూసీహెచ్ఎస్, సీటు దాకా సాయం కావలసినవారికి డబ్ల్యూసీహెచ్‌సీ. ఏది కావాలో 48 గంటల ముందే ఎయిర్‌లైన్‌కు చెబితే ప్రయాణికులకూ సహాయకులకూ సుఖం.

నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది మంచి సహాయకుల మర్యాద. "పట్టుకోమంటారా అమ్మా?" అని అడిగాకే చెయ్యి వేస్తారు. పక్కనున్న కొడుకుతో కాక, కుర్చీలో కూర్చున్న ఆమెతోనే మాట్లాడతారు. ఇంగ్లిష్ రాని పెద్దావిడకు ఇమిగ్రేషన్ కౌంటర్ దగ్గర గొంతవుతారు.

ఇది నేర్చుకుంటేనే వచ్చే విద్య. ఆ విద్యకు తగిన శిక్షణ, జీతం, గౌరవం వాళ్లకు దక్కాలి.